బిడ్డ కాలికి సాక్సు కాదు, తల్లి కంటికి నిద్ర ఇద్దాం



పోయిన నెల మన గ్రూపులో సీమంతం గిఫ్టు గురించి పెద్ద చర్చే నడిచింది, గుర్తుందా? తలా ఇరవై డాలర్లు వేసుకుని, పుట్టబోయే బిడ్డ కాలికి తొడిగే ఆ మానిటర్ సాక్సు కొనిద్దామన్నారు. పద్నాలుగు మంది ఓకే అన్నారు. నేనొక్కదాన్నే "వద్దు" అని పెట్టి, కారణం చెప్పకుండా ఊరుకున్నాను. తర్వాత ఇద్దరు ముగ్గురు విడిగా మెసేజ్ పెట్టారు, "ఏం వదినా, ఇరవై డాలర్లకి అంత ఆలోచనా?" అని. డబ్బు సంగతి కాదమ్మా. రెండు లైన్లలో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా చదివాక కూడా కొందామంటే నా వాటా నేను వేస్తాను. కానీ ముందు చదవండి.

మానిటర్ల గురించి నాకు కొంచెం తెలుసు. మా పెద్దాడు 2004లో ముప్పై ఒకటో వారంలోనే పుట్టేశాడు. అయిదు వారాలు వాడు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉంటే, నేను పక్కన కుర్చీలో ఉన్నాను. వాడికి ఊపిరి తీసుకోవడం మర్చిపోయే జబ్బు. మర్చిపోవడం అని నర్సులు మాకు అర్థమయ్యేలా అన్నమాట. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇది చాలా మామూలు. మెదడు అడుగు భాగంలో ఊపిరిని నడిపించే కేంద్రం ఒకటి ఉంటుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగ్గానే "ఊపిరి తీసుకో" అని అది ఆజ్ఞ ఇవ్వాలి. ముందే పుట్టిన పిల్లల్లో ఆ కేంద్రం ఇంకా పచ్చిగా ఉంటుంది. ఇరవై సెకన్లు ఊపిరి ఆగినా, అంతకంటే తక్కువసేపే ఆగి గుండె నెమ్మదించినా, రంగు మారినా దాన్ని ఆప్నియా అంటారు. పుట్టినప్పుడు ఇరవై ఎనిమిది వారాలు కూడా నిండని పిల్లల్లో దాదాపు అందరికీ వస్తుంది. మందేమిటో తెలుసా? కెఫీన్. మనం పొద్దున్నే తాగే కాఫీలో ఉండేదే. 2006లో రెండు వేల మంది చిన్నారుల మీద జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాక, ఈ మందు మంచిదేనని డాక్టర్లకి గట్టి నమ్మకం కుదిరింది. మా వాడికీ అదే ఇచ్చారు.

ఆ అయిదు వారాల్లో నేను బిడ్డని చూసిందెంత, తెర మీద అంకెలని చూసిందెంత అంటే, అంకెలే ఎక్కువ. గంట మోగితే నా గుండె ఆగేది. మోగకపోతే, ఎందుకు మోగడం లేదా అని భయం. ఒక రాత్రి డ్యూటీ నర్సమ్మ, పెద్దావిడ, నా కుర్చీని పట్టుకుని మానిటర్ వైపు నుంచి వాడి వైపు తిప్పేసింది. "దాన్ని నేను చూసుకుంటాను, నువ్వు వాణ్ణి చూడు" అంది. వాడి పెదాల రంగు, పొట్ట లేచి పడే తీరు, వేలు పెడితే పట్టుకునే బిగువు, ఇవన్నీ ఆవిడే నేర్పింది. నేను ఈవేళ చెప్పబోయేదంతా ఆ కుర్చీ తిప్పడమే అనుకోండి.

ఇంతకీ నెలలు నిండిన బిడ్డ సంగతేమిటి? మనకి తెలియనిది ఇదే, భయం పుట్టేదీ ఇక్కడే. పసిగుడ్డు మనలాగా గడియారం కొట్టినట్టు ఊపిరి తీయదు. నిమిషానికి నలభై నుంచి అరవై సార్లు తీస్తుంది. పొట్టతో తీస్తుంది. కాసేపు కుక్కపిల్లలా గబగబా తీసి, అయిదు సెకన్లో పది సెకన్లో ఆపేసి, మళ్ళీ మొదలెడుతుంది. మధ్యలో నిట్టూర్పు, ఎక్కిళ్ళు, ముక్కులో గురగుర. నిద్రలో సగం పాలు కనురెప్పల కింద కళ్ళు కదిలే నిద్రే, అందులో ఊపిరి మరీ అస్తవ్యస్తంగా ఉంటుంది. రంగు మారకుండా, ఒళ్ళు వాలిపోకుండా, తనంతట తనే మళ్ళీ మొదలుపెడితే ఇదంతా జబ్బు కాదు. పుట్టాక నెలలు గడిచేకొద్దీ తగ్గి, ఆరు నెలలకి చాలావరకు సర్దుకుంటుంది. మొదటిసారి తల్లయిన పిల్ల అర్ధరాత్రి చీకట్లో ఆ పది సెకన్లు లెక్కపెడితే మాత్రం అది పది నిమిషాల్లా ఉంటుంది. అది నాకు తెలుసు.

గుండె కూడా అంతే. పుట్టిన బిడ్డ గుండె సాధారణంగా నిమిషానికి నూట ఇరవై నుంచి నూట అరవై మధ్య కొట్టుకుంటుంది. గాఢనిద్రలో ఇంకా దిగుతుంది, గుక్కపట్టి ఏడిస్తే ఇంకా ఎక్కుతుంది. మనలో చాలామంది కడుపుతో ఉన్నప్పుడు పొట్టకి బెల్టు కట్టించుకుని ఎన్.ఎస్.టి. చేయించుకున్నవాళ్ళమే కదా. కాగితం మీద గీత రంపం పళ్ళలా ఎగుడుదిగుడుగా వస్తే డాక్టరమ్మ నవ్వుతుంది. నున్నగా తిన్నగా వస్తే ముఖం మారుతుంది. ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న గుండె ఒకే లయలో కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నెమ్మది. మెదడు నుంచి వేగస్ నాడి దాన్ని క్షణక్షణం సవరిస్తూ ఉంటుంది. కడుపులో బిడ్డ ఇబ్బందిలో పడితే గుండె వేగం మారకముందే ఈ చిన్న చిన్న తేడాలు తగ్గుతాయని 1963లోనే హాన్, లీ అనే డాక్టర్లు గమనించారు. అంటే మారుతూ ఉండటమే క్షేమం, మారకపోవడమే ప్రమాదం. ఇప్పుడు చెప్పండి, ఫోన్లో 142 ఉన్నది 118 అయిందని హడలిపోవడంలో అర్థం ఉందా?

యంత్రాలన్నీ దండగ అని నేనడం లేదు. ఈ తేడాలనే లెక్కగట్టే మానిటర్ ఒకటి వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు తయారు చేశారు. బాగా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో రక్తంలో ఇన్ఫెక్షన్ పైకి కనబడకముందే గుండె లయలో తేడాలు తగ్గి, మధ్యమధ్యలో వేగం పడిపోతుందని వాళ్ళు కనిపెట్టారు. మూడు వేల మంది పిల్లలతో చేసిన పరీక్ష 2011లో అచ్చయింది. ఆ అంకెని డాక్టర్లకి చూపించిన గుంపులో మరణాలు నూటికి 10.2 నుంచి 8.1కి తగ్గాయి. నూటికి ఇద్దరు పిల్లలు! చిన్న విషయం కాదు. కానీ చూడండి, అది ఆస్పత్రిలో, జబ్బు పడే అవకాశం చాలా ఎక్కువగా ఉన్న పిల్లలకి. అంకె మారగానే లేచి వచ్చి, బిడ్డని చూసి, రక్తం తీసి పరీక్షకి పంపే మనిషి అక్కడ ఉన్నారు. సాయం చేసింది యంత్రం ఒక్కటే కాదు, దాని పక్కన నిలబడ్డ మనిషి కూడా. మన ఇంట్లో ఆ మనిషి ఎవరు? మూడు రోజులుగా నిద్ర లేని, కుట్లు ఇంకా మానని బాలింత.

ఇంటి మానిటర్ల చరిత్ర కూడా కొంచెం చెప్పాలి. నిద్రలో కారణం తెలియకుండా పసిపిల్లలు చనిపోవడాన్ని ఇక్కడ సిడ్స్ అంటారు. 1972లో స్టైన్‌ష్నైడర్ అనే డాక్టరు అయిదుగురు పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఊపిరి పదేపదే ఆగడమే ఈ మరణాలకి దారితీస్తుందని ఆయన అనుమానం. దాంతో ఇళ్ళల్లో ఊపిరి మానిటర్ల వాడకం ఊపందుకుంది. వేల ఇళ్ళల్లో తల్లిదండ్రులు ఆ గంటల మోతలతో నెలల తరబడి బతికారు. ఆ అయిదుగురిలో ఇద్దరు ఒకే ఇంటి బిడ్డలు. ఏళ్ళ తర్వాత, 1995లో, వాళ్ళ తల్లే పిల్లల్ని చంపిందని కోర్టు తేల్చింది. 2001లో వెయ్యి మందికి పైగా పిల్లల్ని ఇళ్ళలోనే మానిటర్లు పెట్టి గమనించిన అధ్యయనం వచ్చింది. ఏ జబ్బూ లేని, నెలలు నిండిన పిల్లల్లో కూడా నూటికి నలభై మందికి పైగా ఏదో ఒకసారి గంట మోగే స్థాయిలో ఊపిరి ఆగడమో గుండె నెమ్మదించడమో జరిగింది. వాళ్ళు హాయిగానే ఉన్నారు. సిడ్స్ రాకుండా ఆపడానికని ఇంటి మానిటర్లు వాడొద్దని ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2003లోనే చెప్పింది, 2022లో మళ్ళీ చెప్పింది.

మరి పిల్లల్ని నిజంగా కాపాడిందేమిటి? వెల్లకిలా పడుకోబెట్టడం. అంతే! బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో ఆ ప్రచారం మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఇక్కడ సిడ్స్ మరణాలు సగానికి సగం పడిపోయాయి. బ్యాటరీ లేదు, యాప్ లేదు, నెలనెలా కట్టే డబ్బు లేదు. ఇప్పటికీ అమెరికాలో ఏటా సుమారు 3,500 మంది శిశువులు నిద్రకి సంబంధించిన కారణాలతో పోతున్నారు. కాబట్టి భయం ఉత్తుత్తిది కాదు. భయానికి మనం కొంటున్న మందే సరైనది కాదు.

ఈ సాక్సుల మాటకొస్తే, 2018లో ఫిలడెల్ఫియా డాక్టర్లు ఇలాంటివి రెండు తీసుకుని ఆస్పత్రి మానిటర్‌తో పోల్చి చూశారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒకటి పట్టుకుంది కానీ ప్రతిసారీ కాదు. రెండోది ఒక్కసారి కూడా పట్టుకోలేదు. ఒక పేరున్న కంపెనీకి ఎఫ్.డి.ఏ. 2021 అక్టోబరులో హెచ్చరిక ఉత్తరం పంపింది. 2023లో కొన్నింటికి అనుమతి వచ్చిన మాట నిజమే. ఆ అనుమతి నాడినీ ఆక్సిజన్నీ చూపించడానికి. నిద్రలో మరణాన్ని ఆపుతుందని కాదు. మరొకటి, మన ఒంటి రంగు. వేలికి పెట్టే ఆక్సిజన్ యంత్రాలు నల్లటి చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని పెద్దవాళ్ళ మీద 2020లో జరిపిన అధ్యయనం చెప్పింది. ఆ కాలి సాక్సులో ఉన్నదీ అదే ఎర్రదీపం పద్ధతి.

మా చెల్లెలి కూతురి సంగతి చెప్తాను. డాలస్ దగ్గర ఉంటుంది. ఆడపిల్ల పుట్టింది, చక్కగా ఏడున్నర పౌండ్ల బరువు. ఆఫీసు స్నేహితులు ఆ సాక్సు గిఫ్టు ఇచ్చారు. రెండో వారంలో తెల్లవారుజామున మూడింటికి ఎర్ర అలారం. పిల్లని దుప్పటితో సహా ఎత్తుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తారు. అక్కడికి వెళ్ళేసరికి పిల్ల పాలకి ఏడుస్తోంది. సాక్సు జారింది, అంతే. తర్వాత బిల్లు వచ్చింది, అది వేరే కథ. అసలు బాధ ఏమిటంటే, ఆ రోజు నుంచి ఆ అమ్మాయి పిల్ల నిద్రపోతున్నా తను పడుకోదు. ఫోన్ పట్టుకుని అంకెలు చూస్తూ కూర్చుంటుంది. స్క్రీన్‌షాట్లు గుంటూరులో మా చెల్లెలికి వెళతాయి. అక్కడ పట్టపగలు కూర్చుని ఆవిడ "118 ఏమిటే, నిన్న 130 కదా, దిష్టి తియ్యి" అంటుంది. నేను వెళ్ళి నాలుగు రోజులున్నాను. బిడ్డ బంగారంలా ఉంది. చిక్కిపోయింది తల్లి. బాలింతకి నిద్ర లేకపోతే మనసు ఎక్కడిదాకా పోతుందో మనలో కొందరికి అనుభవమే. ఎవరం పైకి చెప్పుకోం, అంతే.

నాకు అంతకంటే భయం వేసింది ఇంకొకరింట్లో. చంటివాణ్ణి మెత్తటి పరుపు మీద, రెండు దిళ్ళ మధ్య, బోర్లా పడుకోబెట్టారు. నేను నోరు తెరవబోతే, "సాక్సు ఉందిగా ఆంటీ, ఏమన్నా అయితే మోగుతుంది" అన్నారు. చూశారా? ఆ మూడు వందల డాలర్లు కొన్నది కాపలాని కాదు, ధీమాని. తప్పు ధీమాని.

పెద్దమ్మలూ, ఇప్పుడు మీతో ఒక మాట, కోపం తెచ్చుకోకండి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, ప్రేమగా కట్టే చీర ఉయ్యాల, నీళ్ళు పోశాక వేసే సాంబ్రాణి, ఈ మూడింటి దగ్గరా ఆగి ఆలోచించండి. పసిబిడ్డ మెడ నిలవదు. ఉయ్యాల ఒంపులో గడ్డం ఛాతీకి ఆనితే గాలిదారి ముడుచుకుంటుంది. కారు సీటులో నిద్రపోయిన బిడ్డని ఇంటికి రాగానే తీసి చదునుగా పడుకోబెట్టమనేది కూడా అందుకే. పది డిగ్రీలకి మించి ఏటవాలుగా ఉండే శిశువుల పక్కల అమ్మకాన్ని ఇక్కడ 2022లో చట్టం చేసి ఆపేశారు. ఇక సాంబ్రాణి. పసివాళ్ళు మొదటి నెలల్లో ముఖ్యంగా ముక్కుతోనే గాలి పీలుస్తారు, ఆ దారేమో దారమంత. మన ఊళ్ళో వాకిలీ పెరడూ తెరిచి పొగ వేసేవాళ్ళం. ఇక్కడ కిటికీలన్నీ బిగించిన ఇల్లు, పొగ గంట మోగితే పైపెచ్చు ఫైరింజన్! జుట్టు తువ్వాలుతో ఒత్తి ఆరబెడితే చాలు. మీరు పెంచినప్పుడు ఇవన్నీ చేశారు, మేం బతికాం, నిజమే. కానీ ఆ ఇంట్లో అర్ధరాత్రి ఎవరో ఒకరు మేలుకుని ఉండేవారు కూడా. ఆ మనిషే ఇక్కడ లేకుండా పోయింది.

"మనసుకి ధైర్యంగా ఉంటుంది కదా" అంటారు. కొందరికి ఉంటుంది, కాదనను. డాక్టరే రాసిచ్చి మానిటర్‌తోనో ఆక్సిజన్‌తోనో ఇంటికి పంపిన బిడ్డ ఉంటే, నా మాట విని దాన్ని ఒక్క క్షణం కూడా తీయకండి, అది వైద్యం. ఒక బిడ్డని పోగొట్టుకున్న తల్లి, రెండో బిడ్డకి ఏం కొనుక్కుంటే నిద్ర పడుతుందో అది కొనుక్కోనివ్వండి. ఆవిడకి చెప్పే అర్హత నాకు లేదు. నేనంటున్నది, అడగకుండానే మనం చేతిలో పెట్టే గిఫ్టు గురించి. "నీ బిడ్డ ఏ క్షణాన్నైనా పోవచ్చు, చూస్తూ ఉండు" అని సీమంతం రోజున, గాజుల మధ్య పెట్టి ఇవ్వడం నాకు మనసొప్పడం లేదు.

బదులుగా ఏం ఇద్దాం? నా లెక్క ఇది. అదే మూడు వందలతో తల్లికీ తండ్రికీ, పురిటికి వచ్చే అమ్మమ్మకీ శిశువుల సి.పి.ఆర్. క్లాసు కట్టిద్దాం. ఇంట్లో లేకపోతే గట్టి, చదునైన చిన్న పక్క ఒకటి కొందాం. దానిలో దిండు ఉండదు, దుప్పటి ఉండదు, బొమ్మ ఉండదు, వెల్లకిలా పడుకున్న బిడ్డ మాత్రమే. తల్లి గదిలోనే, తల్లి మంచం పక్కనే, కానీ వేరుగా. ఆ ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చకూడదు.

రెండోది, చూడటం నేర్పుదాం. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట మీద చూపు పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించకూడదు, మధ్యలో ఆగి ఆగి తీస్తారు కాబట్టి. ఏడవకుండా ఉండగానే అరవై దాటుతూనే ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, ప్రతి ఊపిరికీ మూలుగుతున్నా వెంటనే డాక్టరుకి చూపించాలి. పాలు పట్టకుండా మగతగా ఉన్నా అంతే. మన పిల్లల ఒంటి రంగులో నీలం తొందరగా తెలియదు. నాలుక, చిగుళ్ళు, పెదవి లోపలి భాగం చూడాలి. పుట్టిన కొత్తల్లో అరచేతులు, అరికాళ్ళు కాస్త నీలంగా ఉండటం మామూలే. నాలుక నీలమైతే మాత్రం 911, ఆలోచన లేదు. ఇరవై సెకన్లు ఊపిరి ఆగినా, ఒళ్ళు వేలాడేసినా అంతే. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 వస్తే "పొద్దున్న చూద్దాం" అనొద్దు, ఆ రాత్రే వెళ్ళాలి.

మూడోది, అసలైనది, నిద్ర. బిడ్డ పుట్టిన మొదటి ఆరు వారాలు మనం వంతులు వేసుకుందాం. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఒక్కొక్కరం వెళ్ళి కూర్చుందాం. పాలకి తప్ప తల్లిని లేపొద్దు. బిడ్డని గుండెకి ఆనించుకోండి, ఒంటికి ఒళ్ళు తగిలేలా. 1970ల చివర్లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఇద్దరు డాక్టర్లు ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో సహా అయిదు దేశాల్లో చేసి 2021లో అచ్చయిన పరీక్షలో, తక్కువ బరువు పిల్లలకి పుట్టగానే ఇది మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. పిల్లల ఊపిరీ గుండే పెద్దవాళ్ళ గుండె మీద కుదురుకుంటాయి. మీకు కునుకు పట్టేలా ఉంటే మాత్రం లేచి బిడ్డని దాని పక్కలో వెల్లకిలా వెయ్యండి, సోఫాలో ఎత్తుకుని నిద్రపోకూడదు.

మా పెద్దాడికి ఇప్పుడు ఇరవై దాటాయి. నిద్రలో గురక పెడతాడు. ఆ గురక వినబడితే ఇప్పటికీ తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడతాను. ఆ అలవాటు ఏ యంత్రమూ పోగొట్టదు, ఏ యంత్రమూ తెచ్చిపెట్టదు.

నా ఇరవై డాలర్లు సి.పి.ఆర్. క్లాసుకి రాసుకోండి. వంతుల్లో మంగళవారం రాత్రులు నావి. మిగతా ఆరు రోజులకి గ్రూపులో పేర్లు పెట్టండి. వద్దనేవాళ్ళు కూడా పెట్టండి, ఈసారి కారణంతో సహా.